స్టాక్‌హోమ్ వారాంతం: 100 యూరోల వోచర్ తీసుకోవాలా, పరిహారం అడగాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. నేను, నా భార్య మ్యూనిక్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. ఇద్దరివీ భారత పాస్‌పోర్టులే. ఓ శుక్రవారం సాయంత్రం స్టాక్‌హోమ్ వెళ్లాం. విమానం 2 గంటల 55 నిమిషాలు ఆలస్యంగా దిగింది, తలుపులు తీసేసరికి ఇంకో పది నిమిషాలు పట్టింది. ఆదివారం రాత్రి తిరుగు విమానాన్ని గేటు దగ్గరికి వచ్చాక రద్దు చేశారు. ‘నిర్వహణ కారణాలు’ అని మెసేజ్ వచ్చింది. పైలట్‌కు ఒంట్లో బాగోలేదని కౌంటర్‌లో చెప్పారు. గది ఇవ్వలేదు. స్టాక్‌హోమ్ విమానాశ్రయం అర్లాండా దగ్గర సొంత డబ్బుతో హోటల్ తీసుకుని, సోమవారం సాయంత్రం విమానంలో వచ్చాం. ఇప్పుడు తలా 100 యూరోల వోచర్ పంపి, ‘అంగీకరిస్తున్నాను’ నొక్కమంటున్నారు. నొక్కొచ్చా? సోమవారం జీతం కోత కూడా అడగొచ్చా?

జవాబు: ఆ బటన్ నొక్కకండి. మీకు రావలసింది రెండు ప్రయాణాలకూ, ఇద్దరికీ కలిపి 1,000 యూరోల దాకా, దానిపైన హోటల్, భోజనం ఖర్చులు.

ఇక్కడ వర్తించేది 2005 ఫిబ్రవరి 17 నుంచి అమల్లో ఉన్న ఐరోపా సమాఖ్య నిబంధన 261/2004. ఇది ప్రయాణికుల జాతీయత చూడదు, విమానం ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నదే చూస్తుంది. కాబట్టి పాస్‌పోర్టు గురించి బెంగ వద్దు. మ్యూనిక్–అర్లాండా దూరం సుమారు 1,300 కిలోమీటర్లు. 1,500 లోపు దూరానికి పరిహారం మనిషికి 250 యూరోలు. టికెట్ 60 యూరోలకే కొన్నా ఇదే మొత్తం.

ముందు ఆదివారం సంగతి. 14 రోజుల ముందు చెప్పకుండా రద్దు చేస్తే పరిహారం ఇవ్వాల్సిందే. తప్పించుకోవాలంటే అది ‘అసాధారణ పరిస్థితి’ అని, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నా తప్పలేదని విమాన సంస్థే రుజువు చేయాలి. ‘నిర్వహణ కారణాలు’ అన్న మాటతో ఏదీ రుజువు కాదు. పైలట్ అనారోగ్యం కూడా వాళ్లకు సాకు కాదు: బయల్దేరే ముందు కో-పైలట్ హఠాత్తుగా చనిపోయిన కేసులో కూడా అది సంస్థ రోజువారీ నిర్వహణలో భాగమేనని ఐరోపా న్యాయస్థానం 2023లో తేల్చింది. స్కాండినేవియాకు వెళ్లేవాళ్లకు ఇంకో తీర్పు బాగా అక్కరకొస్తుంది. 2019లో జరిగిన స్కాండినేవియా విమాన సంస్థ ఎస్‌ఏఎస్ పైలట్ల సమ్మె మీద 2021లో ఇచ్చిన తీర్పు ప్రకారం, సంస్థ సొంత సిబ్బంది జీతాల కోసం, పని గంటల కోసం చేసే సమ్మె అసాధారణం కాదు. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ల సమ్మె, విమానాలు ఎగరలేనంత తుపాను మాత్రం వేరు. వాతావరణం మీదకు నెడతారేమోనని అనుమానంగా ఉంటే, ఆ రాత్రి అదే సమయంలో అర్లాండా నుంచి మిగతా విమానాలు వెళ్లినట్టు చూపే బోర్డు ఫోటో గానీ స్క్రీన్‌షాట్ గానీ జతచేయండి.

శుక్రవారం కేసు నిమిషాల మీద నిలబడి ఉంది. ఆలస్యానికి పరిహారం రావాలంటే గమ్యానికి 3 గంటలు లేదా అంతకంటే ఆలస్యంగా చేరాలి. చేరడమంటే చక్రాలు రన్‌వేను తాకడం కాదు, కనీసం ఒక తలుపు తెరిచి ప్రయాణికులను దిగనివ్వడం. ఇది 2014 నాటి తీర్పు. విమాన సంస్థలు తరచు దిగిన సమయాన్నే చూపించి ‘2 గంటల 55 నిమిషాలే కదా’ అని కొట్టిపారేస్తాయి. మీ లెక్కన 3 గంటల 5 నిమిషాలైంది. దిగుతూ ఇంటికి పంపిన వాట్సాప్ మెసేజో, ఏరోబ్రిడ్జి మీద తీసిన ఫోటోనో ఉంటే వెతికి పెట్టుకోండి, ఆ సమయమే మీ సాక్ష్యం.

హోటల్, భోజనం ఖర్చులకు పరిహారంతో సంబంధం లేదు. కారణం మంచు తుపానైనా, అగ్నిపర్వతం బూడిదైనా అవి సంస్థ బాధ్యతే. ఇవ్వనప్పుడు మీరు పెట్టుకున్న ఖర్చు అవసరమైనదై, సహేతుకంగా ఉంటే తిరిగి వస్తుంది. మామూలు గదికి చిక్కు రాదు, సూట్ తీసుకుంటే వాదన మొదలవుతుంది. స్వీడన్ కరెన్సీ క్రోనాల్లో ఉన్న బిల్లుతో పాటు, యూరోల్లో ఎంత కోత పడిందో చూపే కార్డు స్టేట్‌మెంట్ కూడా పంపండి.

వోచర్ మీరు సంతకంతో ఒప్పుకుంటేనే చెల్లుతుంది. స్పష్టంగా వివరించి ఉంటే ఆన్‌లైన్ ఫారం నింపడం కూడా సంతకం కిందే లెక్క అని టికెట్ రిఫండ్ కేసులో 2024లో తీర్పు వచ్చింది. అందుకే నొక్కొద్దంటున్నాను.

జీతం కోతకు చట్టంలో దారి ఉంది గానీ, అదనపు నష్టంలోంచి ఈ పరిహారాన్ని మినహాయించవచ్చు. ఆదివారం రద్దుకు మీకు వచ్చే 500 యూరోలను మించి ఇద్దరి ఒకరోజు జీతం పోతే తప్ప ప్రయత్నించడం దండగ. జీతంతో కూడిన సెలవు పెట్టి ఉంటే అసలు నష్టం చూపడమే కష్టం.

ఇక పని. రెండు ప్రయాణాలకు రెండు లేఖలు రాయండి. విమానం నంబరు, తేదీ, బుకింగ్ కోడ్, ఇద్దరి పేర్లు, ఖాతా నంబరు, ‘నిబంధన 261/2004, 7వ అధికరణం కింద నగదు పరిహారం’ అన్న మాట ఉండాలి. టికెట్ మీ కార్డుతో కొన్నా మీ ఆవిడ హక్కు ఆవిడదే, కాబట్టి ఆవిడ సంతకం కూడా పెట్టించండి. 14 రోజుల గడువివ్వండి. రెండు నెలల్లో సరైన జవాబు రాకపోతే, ఆ సంస్థ సభ్యురాలైతే జర్మనీ ప్రయాణ వివాదాల మధ్యవర్తిత్వ సంస్థకు వెళ్లండి, ప్రయాణికుడికి అది ఉచితం. అక్కడా కుదరకపోతే కోర్టు. బయల్దేరిన చోటైనా, చేరిన చోటైనా దావా వేయొచ్చు గనుక, మ్యూనిక్ విమానాశ్రయం పరిధిలోని ఎర్డింగ్ ఆమ్ట్స్‌గెరిష్ట్ (స్థానిక కింది కోర్టు)లోనే రెండూ వేయొచ్చు. లాయరు తప్పనిసరి కాదు. క్లెయిమ్ కంపెనీలు ఇదే పని చేసి నాలుగో వంతో, అంతకంటే ఎక్కువో కోసుకుంటాయి. మీ కాగితాలు ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ముందు మీరే అడగండి.

జర్మనీలో గడువు మూడేళ్లు, అదీ ప్రయాణం జరిగిన సంవత్సరం చివరి నుంచి. 2025 ప్రయాణానికి 2028 డిసెంబరు 31 దాకా సమయం ఉంటుంది.