98 శాతం అధ్యయనాలు పక్కన పెట్టేశారన్నది నిజమేనా?

మేడమ్, పిల్లలు, టీనేజర్ల జెండర్ చికిత్సలపై ఇంగ్లండ్‌లో జరిగిన కాస్ రివ్యూ 103 అధ్యయనాల్లో 101 పారేసిందని ఒకచోట, అది తప్పని మరోచోట చదివానని, సెమినార్‌లో ఏది చెప్పాలని అడిగారు. టెన్షన్ వద్దు, లెక్క చూస్తే తేలిపోతుంది.

ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ కోసం డాక్టర్ హిలరీ కాస్ ఇచ్చిన తుది నివేదిక 2024 ఏప్రిల్‌లో వచ్చింది. అధ్యయనాలను జల్లెడ పట్టింది మాత్రం యార్క్ యూనివర్సిటీ బృందం. యుక్తవయసు మార్పులను ఆపే ప్యూబర్టీ బ్లాకర్ల మీద 50 దొరికాయి: నాణ్యతలో ఉత్తమం ఒకటి, మధ్యస్థం 25, బలహీనం 24. ఒంటిని కోరుకున్న జెండర్ వైపు మార్చే హార్మోన్ల మీద 53: ఉత్తమం ఒకటి, మధ్యస్థం 33, బలహీనం 19. ఉత్తమం, మధ్యస్థం కలిపి 60 విశ్లేషణలోకి వెళ్లాయి. పక్కన పెట్టింది 43. ఉత్తమం ముద్ర రెండింటికే పడింది కాబట్టి మిగతావన్నీ చెత్తబుట్టలోకి పోయాయన్న ప్రచారం పుట్టింది.

అలాగని కాస్ రివ్యూ విమర్శకులను కొట్టిపారేయకండి. ఆధారం బలహీనమంటే మందు పనిచేయదని అర్థం కాదు, ఎంత పనిచేస్తుందో గట్టిగా చెప్పలేమని. పైగా ఒంట్లో మార్పు కళ్లకు కనిపిస్తుంటే ఎవరికి మందిచ్చారో దాచి ట్రయల్ ఎలా నడుపుతారు? ఈ ప్రశ్న నాకు న్యాయంగానే అనిపిస్తుంది.

పీర్ రివ్యూ (ప్రచురణకు ముందు ఇతర నిపుణుల పరిశీలన) దేనికి జరిగింది, దేనికి జరగలేదన్న గొడవ కూడా ఇంతే. యార్క్ సమీక్షలు పీర్ రివ్యూ అయి జర్నల్లో వచ్చాయి. కాస్ నివేదిక జర్నల్ వ్యాసం కాదు. దాన్ని తప్పుపడుతూ 2024 జులైలో యేల్ లా స్కూల్ సైట్‌లో వచ్చిన పత్రమూ జర్నల్ వ్యాసం కాదు. స్లైడ్ మీద ఈ మూడింటినీ విడివిడిగా చూపించండి.