మాక్‌బెత్ చదువుతున్న మా చిట్టితల్లికి

చిరంజీవి చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

అమెరికాలో బ్రిటిష్ లిటరేచర్ క్లాసులో షేక్‌స్పియర్ నాటకం ‘మాక్‌బెత్’ మీద నువ్వు రాసిన మొదటి వ్యాసానికి సీ మైనస్ వచ్చిందనీ, ‘ఇది కథ చెప్పడమే తప్ప విశ్లేషణ కాదు’ అని మీ టీచరు మార్జిన్‌లో రాశారనీ, అప్పటినుంచి నీకు అన్నం సయించడం లేదనీ మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. వ్యాసం కూడా పంపించింది. రాత్రి రెండుసార్లు చదివాను. నీ ఇంగ్లీషుకు వంక పెట్టడానికి ఏమీ లేదు. లోపం వేరేచోట ఉంది, అది ఈ సెమిస్టరులోనే దిద్దుకోగలిగినది. న్యూజెర్సీలో ఇరవై రెండేళ్ళపాటు పన్నెండో తరగతి పిల్లలకు ఇదే పాఠం చెప్పి, వాళ్ళ వ్యాసాలు దిద్దినదాన్ని కనుక, నాకు తెలిసినది నీకు వివరంగా రాస్తున్నాను.

పదో తరగతి దాకా హైదరాబాదులో నీకు పరీక్షల్లో వచ్చిన ప్రశ్నలు ‘ఫలానా పాత్ర స్వభావాన్ని వివరించండి’ అన్న తరహావి. పాఠంలో జరిగినదంతా వరసగా చెప్పి, దానికి నాలుగు విశేషణాలు జోడిస్తే మార్కులు వచ్చేవి. నువ్వు శ్రద్ధగా నేర్చుకున్న ఆ పద్ధతినే ఇక్కడికీ తెచ్చుకున్నావు. మీ టీచరుకు మాక్‌బెత్ కథ కొత్తగా చెప్పనక్కర్లేదు. మాక్‌బెత్ భార్య గురించి ‘లేడీ మాక్‌బెత్ మొదట క్రూరురాలు, చివరికి పశ్చాత్తాపంతో మతి చలించింది’ అని నువ్వు రాశావు. నిజమే, కానీ ఆ మాట నాటకం తెరవనివాళ్ళు కూడా అనగలరు. పుటలో ఏ మాట కంటబడి నీకు అలా అనిపించిందో అది మీ టీచరుకు కావాలి.

నేను చెప్పేది నీకు కంటికి కనిపించాలంటే రెండు రంగాలు పక్కపక్కన పెట్టుకో. రెండో అంకం రెండో రంగంలో మాక్‌బెత్ రాజు డంకన్‌ను చంపి నెత్తుటి చేతులతో వస్తాడు. సముద్రాలన్నీ కలిసినా ఈ చెయ్యి శుభ్రపడదు, ఈ చెయ్యే ఆ నీళ్ళన్నిటినీ ఎర్రగా మార్చేస్తుంది అని వణికిపోతాడు. లేడీ మాక్‌బెత్ మాత్రం, కాసిని నీళ్ళు పోసుకుంటే ఈ పని మనల్ని వదిలిపోతుంది అంటుంది. ‘ఎ లిటిల్ వాటర్’ అన్నది అక్కడి మాట. ఇప్పుడు ఐదో అంకం మొదటి రంగానికి రా. ఆమె నిద్రలో నడుస్తూ లేని నెత్తురును రుద్దుకుంటూ ఉంటుంది. అరేబియా అత్తరులన్నీ తెచ్చినా ఈ చిన్న చేతికి మంచి వాసన రాదని నిట్టూరుస్తుంది. ‘దిస్ లిటిల్ హ్యాండ్’ అన్నది ఇక్కడి మాట. చూశావా, ‘లిటిల్’ అన్న ఆ చిన్నమాట తిరిగి వచ్చింది. మొదటిసారి పాపాన్ని కడగడానికి చాలినంత నీటికి కొలత అది, రెండోసారి అత్తరులన్నిటికీ లొంగని చేతికి కొలత. సముద్రం చాలదని భర్త అన్న మాటను అప్పుడు తోసిపుచ్చిన మనిషి, ఇప్పుడు తన నోటితో అదే మాట అంటోంది.

అక్కడితో ఆగకు. మొదటి అంకంలో చిక్కటి చీకటిని రమ్మని పిలిచిన మనిషి ఐదో అంకంలో రాత్రంతా పక్కన దీపం వెలుగుతూ ఉండాలని ఆజ్ఞాపిస్తుంది. మొదట్లో ఛందస్సులో, కొలిచినట్టు మాట్లాడిన ఆమె చేత కవి చివర వచనంలో, తెగిపోయిన ముక్కల్లో మాట్లాడిస్తాడు. అంటే మతి చలించడాన్ని షేక్‌స్పియర్ మనకు చెప్పలేదు, ఆమె మాట తీరులోనే వినిపించాడు. ‘పశ్చాత్తాపం’ అన్న ఒక్క మాటతో నువ్వు ముగించిన చోట నిజానికి నీ వ్యాసం మొదలు కావాలి.

ఇలాంటివి కంటబడాలంటే పైకి చదవాలి. మౌనంగా చదివితే కన్ను కథ వెంట పరుగెడుతుంది. నోరు మాత్రం ప్రతి మాట దగ్గరా ఆగక తప్పదు. మీ సిలబస్‌లో ఉన్న పాత ఇంగ్లీషు వీరకావ్యం బేవుల్ఫ్ సంగతి తీసుకో. 3,182 పంక్తుల కావ్యం, పాతకాలపు రాతప్రతి ఒక్కటే మిగిలింది, అది కూడా 1731లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో అంచులు కాలి బయటపడింది. దానిలో ప్రతి పంక్తీ నడుమ విరుగుతుంది, ఆ రెండు ముక్కలనూ ఊనికతో పలికే మాటల మొదట వచ్చే ఒకే ధ్వని కలిపి పట్టుకుంటుంది. ఉత్పలమాలలో మొదటి అక్షరానికీ పదో అక్షరానికీ యతిమైత్రి కుదరాలని తెలుగు మాస్టారు నీ చేత గుర్తులు పెట్టించలేదా? నియమాలు వేరు, వాళ్ళది ఊనికను బట్టి, మనది అక్షరస్థానాన్ని బట్టి. కానీ వాటిని పట్టుకునే చెవి ఒక్కటే, అది నీకు ఉంది. అలాగే సముద్రాన్ని ‘తిమింగలాల దారి’ అని వాళ్ళు కూర్చిన సమాసాన్ని మన ‘జలనిధి’కి, ‘రత్నాకరా’నికి విగ్రహవాక్యం చెప్పినట్టు విప్పి చూడు. మనవాళ్ళకు సముద్రం దాచుకున్న నిధిలా కనిపిస్తే, ఓడల మీద బతికిన వాళ్ళకు దారిలా ఎందుకు కనిపించిందన్న ప్రశ్న నీకే పుడుతుంది. అలా నీకు పుట్టిన ప్రశ్నే మంచి వ్యాసానికి మొదలు.

పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ దగ్గరికి వచ్చేసరికి కాంటర్‌బరీ టేల్స్ మొదటి 18 పంక్తులు పాత ఉచ్చారణతో కంఠతా పట్టమని మీ టీచరు అడగవచ్చు. విసుక్కోకు. ఆ 18 పంక్తులూ ఒకే వాక్యం. వాన, గాలి, చిగుళ్ళు, పిట్టలు అన్నీ వచ్చాక గానీ ‘అప్పుడు జనానికి తీర్థయాత్రల మీద మనసు పోతుంది’ అన్న అసలు సంగతి రాదు, అదీ పన్నెండో పంక్తిలో. క్రియ కోసం వాక్యం చివరిదాకా ఎదురుచూడటం తెలుగు పిల్లకు కొత్త కాదు కదా.

ఇక రాయడం. ఒక నోటుబుక్కులో పుటను రెండుగా గీసి, ఎడమవైపు నిన్ను ఆపిన మాటను ఉన్నదున్నట్టు ఎత్తి రాయి, కుడివైపు దాని గురించి నీ ప్రశ్న రాయి. పది ప్రశ్నలు పోగయ్యాక వాటిలో ఏ మూడు ఒకదాన్నొకటి పిలుస్తున్నాయో చూడు, నీ వాదం అక్కడ ఉంటుంది. దాన్ని ఒకే వాక్యంలో, ఎవరైనా కాదని వాదించడానికి వీలున్నట్టుగా రాయాలి. ‘మాక్‌బెత్‌లో అధికారదాహం ముఖ్యాంశం’ అన్నదాన్ని ఎవరూ కాదనరు కనుక అది వాదం కాదు. ఉల్లేఖనలు పొట్టిగా, రెండు మూడు మాటలకు మించకుండా నీ వాక్యంలో ఇమిడిపోవాలి. ఎత్తి రాసిన ప్రతి ముక్క తరవాతా అంతకు రెండింతలు నీ మాటలు ఉండాలి. నాటకం నుంచి తీసుకున్నదానికి పుట సంఖ్య కాకుండా అంకం, రంగం, పంక్తి సంఖ్యలు ఇవ్వాలి. మనవాళ్ళు తరచుగా తప్పేది ఇంకొకటి ఉంది: సాహిత్యంలో జరిగేదాన్ని ఇంగ్లీషు వ్యాసంలో వర్తమాన కాలంలోనే రాస్తారు. నీ వ్యాసంలో కాలం ఏడుచోట్ల జారింది, గుర్తులు పెట్టి పంపుతాను.

1603లో స్కాట్లండ్ రాజు ఇంగ్లండ్‌కు కూడా రాజయ్యాడనీ, నాటకంలో మాక్‌బెత్ తోటి సేనాని అయిన బాంకో ఆ రాజుకు పూర్వీకుడని అప్పట్లో నమ్మేవారనీ నువ్వు మొదటి పేరా అంతా రాశావు. చరిత్ర అక్కర్లేదని అనను. కానీ షేక్‌స్పియర్ ఆధారం చేసుకున్న చరిత్రగ్రంథంలో హత్యలో భాగస్వామిగా ఉన్న బాంకో, నాటకంలో ఎందుకు చేతులు కలపలేదు అని అడిగినప్పుడే ఆ చరిత్ర నీ వ్యాసానికి పనికొస్తుంది.

మాట్లాడుతున్నది కవి అని తొందరపడి అనుకోకు. వ్యంగ్య రచయిత జోనథన్ స్విఫ్ట్ 1729లో రాసిన ‘మోడెస్ట్ ప్రపోజల్’లో పేదల పసిబిడ్డలను ధనవంతుల భోజనానికి అమ్మాలని లెక్కలు వేసి చెబుతున్నవాడు స్విఫ్ట్ కాదు, స్విఫ్ట్ కల్పించిన మనిషి. ఏటా నా క్లాసులో కొందరు పిల్లలు ఆ తేడా గమనించక స్విఫ్ట్‌నే తిట్టి రాసేవారు.

పుస్తకాల సారాంశాలు ఇచ్చే స్పార్క్‌నోట్స్ వంటి వెబ్‌సైట్లనూ, ఈమధ్య అడగగానే వ్యాసం రాసిచ్చే ఏఐనీ నీ నోటుబుక్కు నిండేదాకా తెరవకు. ఇది నీతి కోసం మాత్రమే చెప్పడం లేదు. అమెరికాలో నేను ఎమ్మే చదవడానికి చేరినప్పుడు, మొదటి వ్యాసంలో పెద్ద పెద్ద విమర్శకుల అభిప్రాయాలన్నీ పేర్చి, చాలా బాగా రాశానని అనుకున్నాను. ప్రొఫెసరు దాన్ని వెనక్కి ఇస్తూ, ‘వీళ్ళందరూ ఏమన్నారో నాకు తెలుసు, నువ్వేమంటావు?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఒక పద్యాన్ని ఒంటరిగా చదివి ఒక మాట అనే ధైర్యం నాకు రావడానికి ఆ ఏడాదంతా పట్టింది. నీకు ఆ ఏడాది వృథా కాకూడదనే నా ఆరాటం.

నవంబరు 1న కాలేజీ దరఖాస్తు పంపాలని మీ అమ్మ కంగారు పడుతోంది. దరఖాస్తుతో పాటు నీ గురించి రాసే ఆ 650 మాటల వ్యాసానికి వేరే సాధన అక్కర్లేదు. అక్కడ కూడా ‘నేను కష్టపడే మనిషిని’ అంటే ఎవరూ నమ్మరు, నువ్వు కష్టపడిన ఒక్క పూటను చూపిస్తే నమ్ముతారు.

పాత వ్యాసాన్ని దిద్దుతూ కూర్చోకుండా, లేడీ మాక్‌బెత్ చేతుల గురించి ఒక్క పేరా కొత్తగా రాసి శనివారం రాత్రికి పంపించు. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాను, పుస్తకం దగ్గర పెట్టుకో. ఆ రెండు రంగాలూ ఇద్దరం పైకి చదువుదాం. లేడీ మాక్‌బెత్ మాటలు నువ్వు చదువు, మిగిలినవాళ్ళవి నేను చదువుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ