ఖాళీ వెక్టర్ లేన్‌లోనూ బ్యాండ్ వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మేడమ్, నేను పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. నా ప్రొటీన్‌కు ఫ్లాగ్ ట్యాగ్ (గుర్తుపట్టడానికి తగిలించే చిన్న తోక) తగిలించి 293 కణాల్లో (ల్యాబులో పెంచే మనిషి కణాలు) తయారు చేయిస్తున్నాను. లెక్క ప్రకారం దాని బరువు 52 కిలోడాల్టన్లు (ప్రొటీన్ల బరువు కొలిచే యూనిట్). ఫ్లాగ్‌ను పట్టుకునే ఎమ్2 యాంటీబాడీ ఉన్న బీడ్స్ (చిన్న పూసలు)తో ఐపీ చేసి, అంటే కణాల ద్రవంలోంచి ప్రొటీన్‌ను పట్టి లాగి, అదే ఎమ్2తో బ్లాట్ (ప్రొటీన్లను బరువును బట్టి విడదీసి యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) చేస్తే 50 దగ్గర మంచి బ్యాండ్ (గీత) వచ్చింది. కానీ ఖాళీ వెక్టర్ (నా ప్రొటీన్ జన్యువు లేని డీఎన్‌ఏ) వేసిన కణాల లేన్‌లోనూ (బ్లాట్‌లో ఒక్కో శాంపిల్‌కు ఉండే వరస) అంతే గట్టి బ్యాండ్ ఉంది. ఆ లేన్ కత్తిరించేసి మిగతాది ఫిగర్‌లో పెట్టెయ్యమని సీనియర్లు అంటున్నారు. శనివారం ల్యాబ్ మీటింగ్. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
- ఒక పాఠకురాలు, తార్నాక

జవాబు: ఆ లేన్ కత్తిరించకు తల్లీ. నీకు నిజం చెబుతున్నది అదొక్కటే.

ఎమ్2 చిట్టెలుక నుంచి వచ్చిన యాంటీబాడీ. ఐపీ అయ్యాక బీడ్స్‌ను శాంపిల్ బఫర్‌లో మరగబెట్టావు కదా, అప్పుడు ప్రొటీన్‌తో పాటు యాంటీబాడీ కూడా ఊడి ముక్కలవుతుంది. దాని పెద్ద గొలుసు సుమారు 50 కిలోడాల్టన్లు, చిన్నది 25. తర్వాత బ్లాట్‌లో నువ్వు వేసిన సెకండరీ (మొదటి యాంటీబాడీని పట్టుకుని గీత కనిపించేలా చేసే రెండో యాంటీబాడీ), చిట్టెలుక యాంటీబాడీ ఎక్కడ కనిపించినా పట్టుకుంటుంది. అందుకే నీ ప్రొటీన్ ఉన్నా లేకపోయినా 50 దగ్గర గీత పడుతుంది. 25 దగ్గర కూడా ఒకటి ఉందేమో చూడు. ఉంటే ఇంక సందేహం అక్కర్లేదు.

నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో ఇలాంటి బ్యాండ్‌నే నమ్ముకున్నాను. మూడు నెలలు దాని మీదే పనిచేసి, జెల్ ముక్క కోసి మాస్ స్పెక్‌కు (ఏ ప్రొటీనో తేల్చే పరీక్ష) పంపాను. చిట్టెలుక ఇమ్యునోగ్లోబులిన్, అంటే యాంటీబాడీ, అని రిపోర్టు వచ్చింది. ఆ రోజు కోల్డ్ రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. ఖాళీ వెక్టర్ లేన్ పెట్టమని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. నువ్వు అడక్కుండానే పెట్టుకున్నావు, అందుకు నాకెంతో సంతోషంగా ఉంది.

ముందు ఇన్‌పుట్ బ్లాట్ చెయ్యి. బీడ్స్ వేయకముందు తీసి పెట్టిన లైసేట్‌లో (కణాలను పగలగొట్టిన ద్రవం) ఎమ్2 ఉండదు కాబట్టి ఈ గొలుసుల గొడవ రాదు. అక్కడ నీ ప్రొటీన్ లేన్‌లో మాత్రమే 52 దగ్గర బ్యాండ్ వచ్చి, ఖాళీ లేన్‌లో రాకపోతే ప్రొటీన్ తయారవుతున్నట్టే. నీ ప్రొటీన్ లేన్‌లోనూ రాకపోతే ఐపీని పక్కన పెట్టి క్లోన్ (నువ్వు తయారు చేసిన డీఎన్‌ఏ) సీక్వెన్స్ చూసుకో. ట్యాగ్‌లో ఉండేది ఎనిమిది అమైనో ఆమ్లాలే: డివైకెడిడిడిడికె. క్లోనింగ్‌లో ఒక్క బేస్ (డీఎన్‌ఏ అక్షరం) జారి రీడింగ్ ఫ్రేమ్ (అక్షరాలను మూడేసిగా చదివే వరస) తప్పితే ట్యాగే లేకుండా పోవచ్చు.

ఐపీ విషయానికొస్తే, బీడ్స్‌ను మరగబెట్టే బదులు 3ఎక్స్ ఫ్లాగ్ పెప్టైడ్ (ఫ్లాగ్ వరసను మూడుసార్లు పేర్చిన చిన్న ముక్క)తో ప్రొటీన్‌ను విడిపించు. పెప్టైడ్ పోటీపడి ప్రొటీన్ స్థానం తీసుకుంటుంది. బీడ్స్‌కు గట్టిగా అతికించి ఉన్న యాంటీబాడీ చాలావరకు అక్కడే ఉండిపోతుంది. కాస్త ఖర్చే, కానీ పనికొచ్చే ఖర్చు. లేదంటే బ్లాట్‌కు కుందేలు యాంటీ-ఫ్లాగ్ వేసి, కుందేలు యాంటీబాడీని పట్టుకుని చిట్టెలుకదాన్ని వదిలేసే సెకండరీ వాడు. హెచ్‌ఆర్‌పీ (బ్లాట్‌లో గీత కనిపించేలా చేసే ఎంజైమ్) నేరుగా తగిలించిన ఎమ్2 ఉంటే సెకండరీతో పనే లేదు. అయితే ఆ హెచ్‌ఆర్‌పీ ఉన్న దేనిలోనూ సోడియం అజైడ్ (యాంటీబాడీలు పాడవకుండా వేసే రసాయనం) కలపకు. ఎంజైమ్ పనిచేయడం మానేస్తుంది, ఫిల్మ్ ఖాళీగా వస్తుంది.

మీటింగ్‌లో లేన్లన్నీ ఉన్న పూర్తి బ్లాటే చూపించు. 50 దగ్గరి గీత యాంటీబాడీదని అనుకుంటున్నాననీ, ఇన్‌పుట్ బ్లాట్ పెట్టాననీ గైడ్‌కు చెప్పు.

కుందేలు యాంటీబాడీ మీ దగ్గర లేకపోతే కొత్తది ఆర్డరు పెట్టి వారాలు ఎదురుచూడొద్దు. మీ వైపు చుట్టుపక్కల ఎన్ని ల్యాబులున్నాయో నీకు తెలుసు, ఎవరినైనా అడుగు. వెయ్యికి ఒకటి చొప్పున కలిపితే 10 మైక్రోలీటర్లు ఒక బ్లాట్‌కు సరిపోతాయి. ఈ ఎండల్లో ట్యూబును చేత్తో పట్టుకుని ఆటో ఎక్కకు, చిన్న ఐస్ డబ్బాలో పెట్టుకుని వెళ్లు.