కంప్యూటర్ క్లీనర్లనూ యాంటీవైరస్‌లనూ ఒకే గాటన కట్టకూడదు

మీ లాప్‌టాప్ నెమ్మదించిందనీ, కంప్యూటర్‌ను శుభ్రం చేసి వేగం పెంచుతానంటూ ఉచితంగా దొరికిన ఒక క్లీనర్ ప్రోగ్రాము అందులో పన్నెండు వందలకు పైగా లోపాలు చూపించి వాటిని సరిచేయడానికి డబ్బు కట్టమంటోందనీ, అదే సంస్థ యాంటీవైరస్‌ను కూడా జతచేసి అమ్ముతోందనీ రాశారు. ఇలాంటివాటిని నమ్మవచ్చా అని అడిగారు. క్లీనర్‌ను నమ్మవద్దు, దానికి ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. యాంటీవైరస్ మాత్రం ఉండి తీరాలి, కానీ అది మీ విండోస్‌లో ఇప్పటికే ఉంది. ఈ రెండింటినీ కలిపి అమ్మడం వల్లనే చాలామందికి ఈ తేడా కనిపించకుండా పోతోంది కాబట్టి, కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను తెనాలిలో చాలాకాలంగా కంప్యూటర్ల మరమ్మతు పని చేస్తున్నాను. డీటీపీ సెంటర్లు, ఆడిటర్ల కార్యాలయాలు, జిరాక్స్ దుకాణాలు, చదువుకునే పిల్లల ఇళ్లు, వీటన్నిటి నుంచీ యంత్రాలు నా దగ్గరకు వస్తాయి. కొత్తగా విండోస్ ఎక్కించి, ఇంకా ఒక్క ప్రోగ్రాము కూడా వేయని కంప్యూటర్‌పై మీరు చెప్పినలాంటి క్లీనర్లను నడిపి చూశాను. అప్పుడు కూడా అవి వందల్లో లోపాలు చూపించి, ఎర్ర రంగులో హెచ్చరికలు చేశాయి. ఏ లోపమూ ఉండడానికి వీల్లేని యంత్రంలో కూడా లోపాలు దొరుకుతున్నాయంటే, ఆ లెక్కకు విలువ లేదని అర్థం.

ఆ సంఖ్యలో సింహభాగం రిజిస్ట్రీ నుంచి వస్తుంది. విండోస్ తన అమరికలనూ, ఎక్కించిన ప్రోగ్రాముల వివరాలనూ రాసిపెట్టుకునే చోటే రిజిస్ట్రీ. అందులో లక్షల కొద్దీ నమోదులు ఉంటాయి. ఒక ప్రోగ్రామును తీసివేసినప్పుడు దాని తాలూకు నమోదులు కొన్ని మిగిలిపోవడం మామూలే. క్లీనర్ వాటిని ఏరి ఒక్కొక్కదాన్నీ ఒక్కొక్క లోపంగా లెక్కగడుతుంది. నిజానికి విండోస్ తనకు కావలసిన నమోదును పేరుతో నేరుగా వెళ్లి తీసుకుంటుందే గానీ మొదటి నుంచి చివరి దాకా వెతుక్కుంటూ పోదు కనుక, పనికిరానివి ఒక వెయ్యి పడి ఉన్నా వేగంలో మనకు తెలిసేంత తేడా రాదు. తుడిచేటప్పుడు ఒక అవసరమైన నమోదు పోతే మాత్రం నష్టం వెంటనే తెలుస్తుంది. ఒక ఆడిటర్ గారి కార్యాలయంలో ఎవరో రిజిస్ట్రీని శుభ్రం చేసిన తరువాత డిజిటల్ సంతకం టోకెన్‌ను కంప్యూటర్ గుర్తించడం మానేసింది. అవి రిటర్నుల గడువు ముంచుకొస్తున్న రోజులు. డ్రైవర్‌ను పూర్తిగా తీసివేసి మళ్లీ ఎక్కిస్తే గానీ అది దారికి రాలేదు. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించబోమనీ, వాటివల్ల వచ్చే చిక్కులు తీరతాయని హామీ ఇవ్వలేమనీ మైక్రోసాఫ్ట్ సంస్థే తన విధానంగా ప్రకటించింది.

లోపాలను లెక్కపెట్టేదీ, వాటిని బాగుచేస్తానని డబ్బు అడిగేదీ ఒకే ప్రోగ్రాము కావడం ఇక్కడ అసలు చిక్కు. ఇది నా అనుమానం మాత్రమే కాదు. అమెరికాలో ఆఫీస్ డిపో అనే దుకాణాల సంస్థ, దానికి సాఫ్ట్‌వేర్ సమకూర్చిన సపోర్ట్.కామ్ కలిసి వినియోగదారుల కంప్యూటర్లకు ఉచిత పరీక్ష చేసేవి. యంత్రం నెమ్మదిగా ఉందా, పాపప్‌లు వస్తున్నాయా వంటి నాలుగు ప్రశ్నలు ముందుగా అడిగేవారు. వాటిలో ఒక్కదానికి అవునని గుర్తు పెట్టినా, స్కాన్‌లో ఏమి దొరికిందన్న దానితో సంబంధం లేకుండా మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాము) లక్షణాలు ఉన్నాయని ఫలితం వచ్చేది. ఆ తరువాత వందల డాలర్ల మరమ్మతు సేవను అంటగట్టేవారు. ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్యతో 2019లో ఆ రెండు సంస్థలూ కలిపి 3.5 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. విండోస్ హెచ్చరికల్లా కనిపించే పాపప్‌లతో భయపెట్టి మరమ్మతు సేవలు అమ్మినందుకు రెస్టోరో, రీఇమేజ్ అనే మరో రెండు సంస్థలు 2024లో 2.6 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకున్నాయి. మీకు కనిపించిన పన్నెండు వందల లోపాలు కూడా ఈ కోవలోవేనని నా అభిప్రాయం.

మరి లాప్‌టాప్ ఎందుకు నెమ్మదించింది? నా దగ్గరకు ఈ ఫిర్యాదుతో వచ్చే యంత్రాల్లో ఎక్కువ భాగం పాత తరహా హార్డ్ డిస్క్‌తో, 4 జీబీ ర్యామ్‌తో ఉంటాయి. ఇప్పటి విండోస్‌కు, పది ట్యాబులు తెరిచిన బ్రౌజర్‌కు ఆ రెండూ చాలవు. మీరు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. ఏ పనీ చేయని సమయంలో కూడా డిస్క్ గడి చాలాసేపు నూటికి నూరు శాతం దగ్గర నిలిచి ఉంటే, హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ, అంటే అంతకన్నా ఎంతో వేగంగా పనిచేసే కొత్త తరహా డిస్క్, వేయించుకోండి. మెమరీ గడి ఎప్పుడూ నిండుగా ఉంటే ర్యామ్ పెంచించండి. క్లీనర్‌కు ఏటా కట్టే చందాలను రెండు మూడేళ్లు కూడబెడితే చిన్న ఎస్‌ఎస్‌డీ వచ్చేస్తుంది. ఎస్‌ఎస్‌డీ వేసిన పాత లాప్‌టాప్‌ను మొదటిసారి తెరిచినప్పుడు యజమానుల ముఖాల్లో కనిపించే ఆశ్చర్యం ఏ క్లీనర్ వాడినవాళ్ల ముఖంలోనూ నేను చూడలేదు. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ అనే విభాగం ఉంటుంది. కంప్యూటర్ తెరవగానే తమంతట తాము మొదలయ్యే ప్రోగ్రాముల్లో మీకు అక్కరలేనివాటిని అక్కడ నిలిపివేయండి. విచిత్రమేమిటంటే, ఆ జాబితాలో యంత్రాన్ని వేగవంతం చేస్తానన్న క్లీనరే తరచుగా కనిపిస్తుంది.

డిస్క్‌లో ఖాళీ లేకపోవడం వేరే సమస్య. సీ డ్రైవ్ అంచుల దాకా నిండితే అప్‌డేట్లు ఆగిపోతాయి, పని కూడా మందగిస్తుంది. దానికి బయటి ప్రోగ్రాము అవసరం లేదు. విండోస్ సెట్టింగుల్లో సిస్టమ్, దానిలో స్టోరేజ్, దానిలో తాత్కాలిక ఫైళ్లు అనే చోటికి వెళితే ఏవి ఎంత చోటు ఆక్రమించాయో చూపించి, మీరు ఎంచుకున్నవాటిని తుడుస్తుంది. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా ఉంటుంది. హాల్ టికెట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పెళ్లి ఫోటోలు అందులోనే వదిలేసేవారు చాలామంది ఉంటారు కనుక, దానికి టిక్కు పెట్టే ముందు తప్పక తెరిచి చూడండి. బ్రౌజర్ కాష్‌ను రోజూ తుడవడం వల్ల లాభం లేదు. ఒకసారి తెచ్చి దాచుకున్నవాటిని మళ్లీ తెచ్చుకోవలసి రావడంతో పేజీలు మరింత ఆలస్యంగా తెరుచుకుంటాయి.

డబ్బు అడగని, మంచి పేరున్న క్లీనర్ అయితే పరవాలేదా అని మీకు అనిపించవచ్చు. ఈ తరహా ప్రోగ్రాముల్లో సీక్లీనర్ కన్నా పేరున్నది లేదు. మా పనివాళ్లం కూడా ఒకప్పుడు అందరి యంత్రాల్లో వేసేవాళ్లం. 2017 ఆగస్టులో విడుదలైన దాని 5.33 కూర్పులో, 32 బిట్ విండోస్‌కు ఇచ్చిన ఫైలులో, దొంగలు ముందే చొరబడి రహస్య ద్వారం ఒకటి అమర్చారు. ఫైలు సంస్థ అధికారిక సైట్ నుంచే వచ్చింది, దానిపై సంస్థ డిజిటల్ సంతకం కూడా ఉంది. సుమారు 22.7 లక్షల మంది దాన్ని ఎక్కించుకున్న తరువాత, సెప్టెంబరులో గానీ విషయం బయటపడలేదు. దొంగల గురి పెద్ద సాంకేతిక సంస్థల మీద ఉండడం వల్ల మామూలు వినియోగదారులకు పెద్ద హాని జరగలేదు. కానీ ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. ఇలాంటి ప్రోగ్రాములకు మన కంప్యూటర్‌లో దేన్నైనా చదివే, తుడిచే అధికారం ఇస్తాం. ఆ అధికారం ఇచ్చేటప్పుడు తయారీదారుల నిజాయితీని మాత్రమే కాదు, వారి కాపలాను, రేపు ఆ సంస్థను కొనబోయేవారిని కూడా నమ్ముతున్నట్టే. అంత నమ్మకం పెట్టడానికి తగిన ప్రయోజనం క్లీనర్ల వల్ల లేదు కనుకనే నేను వాటిని పూర్తిగా వదిలేశాను.

యాంటీవైరస్‌లకు కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది. అవాస్ట్ సంస్థ తన యాంటీవైరస్, బ్రౌజర్ పొడిగింపుల ద్వారా వినియోగదారులు ఏయే సైట్లు చూస్తున్నారో సేకరించి, జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా వందకు పైగా సంస్థలకు అమ్మింది. 2020 జనవరిలో విలేఖరులు ఈ సంగతి బయటపెట్టాక జంప్‌షాట్‌ను మూసివేశారు. 2024లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1.65 కోట్ల డాలర్లు కట్టించి, ప్రకటనల కోసం ఇలాంటి సమాచారాన్ని అమ్మకూడదని ఆంక్ష పెట్టింది. ఇక యాంటీవైరస్‌ల పొరపాట్ల సంగతి. 2010 ఏప్రిల్‌లో మెకాఫీ ఇచ్చిన ఒక అప్‌డేట్ విండోస్ ఎక్స్‌పీకి ప్రాణాధారమైన ఫైలును వైరస్‌గా పొరబడడంతో ఎన్నో యంత్రాలు మళ్లీ మళ్లీ ఆగి మొదలవుతూ ఉండిపోయాయి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఒకటి సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టింది. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసు ఫోటోను మీలో చాలామంది చూసే ఉంటారు.

ఇన్ని జరిగినా యాంటీవైరస్ వద్దని నేను చెప్పను, ఎందుకంటే అది అడ్డుకునే ప్రమాదాలు నిజమైనవి. జిరాక్స్ దుకాణంలో పెన్‌డ్రైవ్ పెట్టి తీయగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయాయని ఇప్పటికీ నా దగ్గరకు వస్తారు. ఫైళ్లు పోయాయనుకుని పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసేసినవారు కూడా ఉన్నారు. నిజానికి ఆ వైరస్ చాలా సందర్భాల్లో అసలు ఫైళ్లను దాచిపెడుతుందే గానీ తుడవదు కాబట్టి, వైరస్‌ను తొలగించాక వాటిని తిరిగి కనిపించేలా చేయవచ్చు. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ దాడి జరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అయితే ఆ దాడి వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది. అందువల్ల అప్‌డేట్లు ఆపేసిన కంప్యూటర్‌లో ఎంత ఖరీదైన యాంటీవైరస్ వేసినా సగం రక్షణే. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, మీది ఇంకా అదే అయితే ముందు ఆ సంగతి చూసుకోండి.

విండోస్ 8 నాటి నుంచి డిఫెండర్ పూర్తిస్థాయి యాంటీవైరస్‌గా విండోస్‌తోనే వస్తోంది. మొదట్లో అది బలహీనమైనదన్న మాట నిజమే. ఇప్పుడు జర్మనీలోని ఏవీ-టెస్ట్ వంటి స్వతంత్ర సంస్థలు జరిపే పరీక్షల్లో అది చాలాసార్లు పూర్తి మార్కులు తెచ్చుకుంటోంది. ఇంటి వాడకానికి అది చాలని నా గట్టి నమ్మకం; మా ఇంట్లోనూ అదే ఉంది. పదీ ఇరవై యంత్రాలున్న కార్యాలయంలో, అన్నిటినీ ఒకే చోటి నుంచి పర్యవేక్షించే వీలు కావాలంటే డబ్బు కట్టి కొనడంలో అర్థం ఉంది. పుణేలోని క్విక్ హీల్, చెన్నైలోని కే7 వంటి మన దేశపు సంస్థలు కూడా ఆ పని చేస్తున్నాయి. రెండు యాంటీవైరస్‌లను ఒకేసారి నడపకండి, ఒకదానిపై ఒకటి నిఘా పెట్టి యంత్రాన్ని కుంగదీస్తాయి. కొత్త లాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ గడువు ముగిసి, నెలల తరబడి అప్‌డేట్ లేకుండా పడి ఉంటే దాన్ని తీసివేయండి, డిఫెండర్ తిరిగి బాధ్యత తీసుకుంటుంది. ఒక మాట గట్టిగా చెప్పాలి. క్రాక్ చేసిన, అంటే డబ్బు కట్టకుండా వాడుకునేలా దొంగతనంగా మార్చిన, సాఫ్ట్‌వేర్‌తో పాటు ‘ముందు యాంటీవైరస్ ఆపండి’ అని రాసి ఉంటుంది. డీటీపీ సెంటర్లలో నేను చూసిన భయంకరమైన నష్టాలన్నీ, ఏళ్ల తరబడి దాచుకున్న డిజైన్లు రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పాలు కావడంతో సహా, ఆ సూచనను పాటించడం వల్లనే జరిగాయి.

ఇప్పుడు మీరు చేయవలసింది ఇది. సెట్టింగుల్లోని యాప్స్ విభాగం నుంచి ఆ క్లీనర్‌ను, దానితో పాటు వచ్చినవాటిని తీసివేయండి. బ్రౌజర్ సెట్టింగుల్లో నోటిఫికేషన్లకు అనుమతి పొందిన సైట్ల జాబితా చూసి, మీకు తెలియనివాటిని తొలగించండి. తెర మూల నుంచి వచ్చే వైరస్ హెచ్చరికలు చాలావరకు అక్కడివే. తరువాత విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఒకసారి చేయించండి. యంత్రం మళ్లీ మొదలవుతుంది కనుక పనులన్నీ ముందే సేవ్ చేసుకోవాలి. ఇంకా అనుమానం మిగిలితే, కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో ఉచిత తొలగింపు సాధనాలు ఉన్నాయి. ఈలోగా కార్డు వివరాలు ఇచ్చి ఉంటే, ఏటా తనంతట తాను డబ్బు కోసుకునే ఆటోపే అనుమతిని బ్యాంకు యాప్‌లో వెంటనే రద్దు చేయండి. ఫోన్‌లో ఎవరైనా మాట్లాడి మీ కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపి డబ్బు కాజేసి ఉంటే మాత్రం, ముందు నెట్ కనెక్షన్ తీసేసి, ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, పాస్‌వర్డులను వేరే పరికరం నుంచి మార్చుకోండి.