మెసేజ్ తయారీ, పార్సింగ్: టెస్ట్ పాసైతే చాలా?
అనంతపురం చీనీ తోటల్లో బోరు మోటార్ల కోసం ఎంక్యూటీటీ (పరికరాలు నెట్‌వర్క్‌లో చిన్న మెసేజ్‌లు పంపుకునే ప్రోటోకాల్) కోడ్ రాశానని, తయారు చేసిన మెసేజ్‌ని తన పార్సర్‌తోనే (వచ్చిన బైట్లను చదివి విడదీసే కోడ్) చదివిస్తే సరిగ్గా వస్తోందని, అది చాలదా అని ఒకరు అడిగారు.

చాలదు. రాసేది, చదివేది రెండూ ఒకే తప్పు చేస్తే టెస్ట్ హాయిగా పాసైపోతుంది. నేనూ ఇలాగే మోసపోయాను.

ప్రోటోకాల్ నిబంధన చూసి, రావాల్సిన బైట్లను టెస్ట్‌లో చేత్తో రాసుకోండి. మెసేజ్ మొదట్లో ఉండే హెడర్‌లో, మిగతా మెసేజ్ పొడవు 127 వరకు ఉంటే దాన్ని రాయడానికి ఒకే బైటు. 128 అయితే 128, 1 అని రెండు బైట్లు. తప్పులు ఎక్కువగా దాక్కునేది ఈ గట్టు దగ్గరే. పొడవుకు ఐదో బైటు వస్తే పార్సర్ తిరస్కరించాలి.

నెట్‌వర్క్‌లో ఈ బైట్లను మోసుకొచ్చే టీసీపీ, మెసేజ్ మొత్తాన్ని ఒకేసారి అందిస్తుందన్న హామీ లేదు. అందుకే పార్సర్‌కు ఒక్కో బైటే ఇచ్చి కూడా చూడండి.