13బి రోటరీ: థ్రాటిల్ పెంచేటప్పుడు తడబాటుకు సమాధానం

విమానంలో బిగించిన మీ మాజ్దా 13బి రోటరీ ఇంజన్ గురించి మీరు చెప్పిన లక్షణం, అంటే థ్రాటిల్ పెంచుతుంటే ఒకే మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే పైపులోని ఒత్తిడి) దగ్గర ఇంజన్ తడబడి, గాలి-ఇంధన నిష్పత్తి మీటర్ 12.8 నుంచి 16కి ఎగిరి (అంటే ఇంధనం తగ్గి), ఆ పైన సర్దుకోవడం చూస్తే, తేడా మొదటి జతకు తోడుగా రెండో జత ఇంజెక్టర్లు (ఇంధనం చిమ్మేవి) అందుకునే చోటే అనిపిస్తోంది. కంట్రోలర్‌లోని ఇంధన టేబుల్ మొత్తం మార్చకండి.

లెక్క చూడండి. రెండు ఇంజెక్టర్లు 6 మిల్లీసెకన్ల పల్స్‌తో నడుస్తున్నాయి, తెరుచుకోవడానికి 1 పోతుంది అనుకుందాం. పనికొచ్చేది 5. నాలుగూ సమాన సైజువైతే ఒక్కోటి 3.5 (పనికొచ్చే 2.5, తెరుచుకోవడానికి 1) తెరవాలి. కంట్రోలర్ 6ను సగం చేసి 3 ఇస్తే దక్కేది 2 మాత్రమే, అంటే ఇంధనం 20 శాతం తక్కువ. 12.8 కాస్తా సరిగ్గా 16 అవుతుంది!

కాబట్టి ముందు డెడ్ టైమ్ (ఆ తెరుచుకునే సమయం) విలువ సరిచేయండి. అది బ్యాటరీ వోల్టేజీని బట్టి మారుతుంది, పాత ఇంజెక్టర్ల అంకె కొత్తవాటికి పనిచేయదు. ఆ తర్వాతా క్షణకాలం లీన్ (ఇంధనం తక్కువ) కనిపిస్తే, దూరంగా ఉన్న రెండో జత ఇంధనం పైపు గోడలకు అంటుకుంటోందన్నమాట. అక్కడ మాత్రమే కొద్దికొద్దిగా పెంచండి. రెండో జత ఆన్, ఆఫ్ అయ్యే ప్రెషర్ హద్దుల మధ్య కాస్త ఎడం ఉంచండి, క్రూయిజ్ (నిలకడగా ఎగిరేటప్పటి) ప్రెషర్ ఆ ఎడంలో పడకూడదు.

మీటర్‌ను గుడ్డిగా నమ్మకండి. మిస్‌ఫైర్ అయితే కాలని ఆక్సిజన్ వల్ల రిచ్ (ఇంధనం ఎక్కువైన) మిశ్రమం కూడా లీన్‌గా కనిపిస్తుంది. సీసం ఉన్న ఏవ్‌గ్యాస్ (విమాన పెట్రోలు) మీటర్ సెన్సర్‌ను త్వరగా చంపుతుంది.

ఇదంతా నేలమీద, విమానాన్ని గట్టిగా కట్టి, కూలెంట్ ఉష్ణోగ్రత గమనిస్తూ చేయండి. టేకాఫ్ పవర్ దగ్గర లీన్ ప్రయోగాలు వద్దు, డిటొనేషన్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) వస్తే అపెక్స్ సీల్ (రోటర్ కొన దగ్గరి సీల్) విరుగుతుంది.