తాతయ్య రేకు డబ్బాలోని చిల్లు కాణీలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా నాన్నగారు కొంతకాలం ఖమ్మంలో ధాన్యం వ్యాపారం చేశారు. ఆయన దాచిన నాణేల రేకు డబ్బా మొన్న అటక సర్దుతుంటే దొరికింది. అందులో చిల్లు కాణీలు, ఎడ్వర్డు రాజు బొమ్మ ఉన్న వెండి రూపాయలు, చార్మినార్ బొమ్మ ఉన్నవి నాలుగైదు, దోసెడు నయాపైసలు ఉన్నాయి. సెలవులకు వచ్చిన పన్నెండేళ్ల మనవరాలు, తొమ్మిదేళ్ల మనవడు వాటిని చాప మీద పరుచుకొని ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తున్నారు. నాకు తెలిసింది తక్కువ. వారితో కలిసి ఈ అభిరుచిని ఎలా సాగించాలి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: నాణేలు అమ్మే దుకాణానికి ఇప్పుడే వెళ్లకండి, ఆల్బం కూడా కొనకండి. మీ డబ్బాలో ఉన్న సరుకే రెండు మూడు వేసవులకు సరిపోతుంది. కొన్న నాణెం వెల చెబుతుందే గాని, అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పలేదు. మీ డబ్బాలోని ప్రతి నాణెం మీ నాన్నగారి చేతిలో ఆడినదే.

లెక్కతో మొదలుపెట్టండి, మీరు ఉపాధ్యాయులు కనుక అది మీకు సులువు. రూపాయికి 16 అణాలు, అణాకు 4 కాణీలు, కాణీకి 3 దమ్మిడీలు. అంటే రూపాయికి 192 దమ్మిడీలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. మూడు రూపాయల ఐదణాల నుంచి రూపాయి పదణాల ఏడు దమ్మిడీలు తీసివేయమని మీ మనవరాలికి ఇచ్చి చూడండి. ఆనాటి కిరాణా కొట్టు గుమాస్తా నోటితో వేసిన లెక్క ఎంతటిదో ఆమెకే అర్థమవుతుంది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 నయాపైసల పద్ధతి వచ్చినప్పుడు మరో చిక్కు పుట్టింది. పావలాకు 25 నయాపైసలు సరిగ్గా సరిపోయాయి గాని, అణాకు ఆరుంబావు వచ్చింది. పావు పైసా నాణెం లేదు కనుక అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని ప్రభుత్వం పట్టిక వేసి ఇచ్చింది. అణా చొప్పున నాలుగుసార్లు కొన్నవారికీ, ఒకేసారి పావలా ఇచ్చి కొన్నవారికీ మధ్య ఒక పైసా తేడా ఎలా వచ్చిందో పిల్లలనే కనిపెట్టనివ్వండి. ‘నయా’ అనే మాట 1964లో తొలగిపోయింది కాబట్టి, నాణెం మీద ఆ మాట ఉందా లేదా అని చూసి కాలం చెప్పడం మీ తొమ్మిదేళ్ల వాడికి సరైన ఆట.

ఈ నాణేలు చెలామణీ నుంచి పోయినా మన మాటల నుంచి పోలేదు. పదహారణాల తెలుగుతనం అంటే పదహారే ఎందుకో, దమ్మిడీ ఆదాయం లేని పని అంటే ఎంత తక్కువో, నాణెం చేతిలో పెట్టి చెబితే ఇక మరచిపోరు. (చిల్లిగవ్వ మాత్రం వేరు, అది నిజంగా గవ్వే, గవ్వలు చిల్లరగా నడిచిన రోజుల మాట.) చిల్లు కాణీకి చిల్లు ఎందుకని వారు తప్పక అడుగుతారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లోహం కరవై, పొదుపు కోసం 1943 నుంచి 1947 వరకు కాణీని నడుమ రంధ్రంతో ముద్రించారు.

వెండి రూపాయలను తూకం వేయించండి. ఎడ్వర్డు రాజు రూపాయలు 1903 నుంచి 1910 వరకు వచ్చాయి. బరువు ఒక తులం, అంటే 11.66 గ్రాములు, పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. అరుగుదల వల్ల కొంత తగ్గవచ్చు గాని, మరీ తేడా ఉంటే నకిలీ అని అనుమానించాలి. 1940లో వెండి పాలు సగానికి దిగింది, 1946–47 నాటికి రూపాయి పూర్తిగా నికెల్‌దై బొరుసు మీద పులి వచ్చింది. అయస్కాంతం పెడితే ఆ పులి రూపాయి టక్కున అంటుకుంటుంది, ఎడ్వర్డు రూపాయి అంటుకోదు. అయితే అంటుకోనిదంతా వెండి అనుకోరాదని కూడా అప్పుడే చెప్పండి.

చార్మినార్ బొమ్మ ఉన్నవి నిజాం రాజ్యపు హాలీ సిక్కాలు. మీ నాన్నగారి ఖమ్మం రోజుల గుర్తులు అవే. కమాను మధ్యలో చిన్న అరబీ అక్షరం కనిపిస్తుంది: ‘మీమ్’ అయితే మహబూబ్ అలీ ఖాన్, ‘ఐన్’ అయితే ఉస్మాన్ అలీ ఖాన్. వాటి మీది సంవత్సరం హిజ్రీలో, అంటే ఇస్లామీ పంచాంగం ప్రకారం, అరబీ అంకెల్లో ఉంటుంది. ఆ అంకెలు పది నేర్చుకోవడానికి పిల్లలకు ఒక పూట చాలు. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో హెచ్చించి 622 కలిపితే మన లెక్కకు వస్తుంది; 1330 అయితే సుమారు 1912. రెండంకెల 92 కనిపిస్తే దాన్ని సంవత్సరమనుకోకండి. అది ముహమ్మద్ అనే పేరులోని అక్షరాలకు సంఖ్యలు కట్టి కూడగా వచ్చే మొత్తం.

ఒక నోటు పుస్తకం పెట్టించండి. కాగితం కింద నాణెం ఉంచి మెత్తని పెన్సిలుతో రుద్దితే అచ్చు దిగుతుంది. దాని పక్కన సంవత్సరం, లోహం, బరువు, ఎవరి నుంచి వచ్చిందన్నది రాయించండి. ధర అనే గడి వద్దు. ఇంట్లోని చిల్లర కూడా వెతికించండి: సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాదు టంకశాలది, వజ్రాకారం ఉంటే ముంబయిది, చుక్క ఉంటే నోయిడాది, ఏమీ లేకపోతే కోల్‌కతాది. హైదరాబాదు వచ్చినప్పుడు సైఫాబాదులోని మింట్ కాంపౌండ్ చూపించండి. 1903లో అక్కడ వెలసిన పాత టంకశాల ఇప్పుడు మ్యూజియం అయింది.

ప్రశ్న: మా అత్తగారి పాత రాగి నాణేలను మనవడి కోసం చింతపండు పెట్టి తోమాను, తళతళలాడుతున్నాయి. తెలిసినవారు చూసి పాడుచేశారన్నారు. నిజమేనా?
– గృహిణి, కరీంనగర్

జవాబు: నిజమేనండీ. చింతపండు పులుపు రాగి పైపొరను తినేస్తుంది, అచ్చులోని సన్నని గీతలు చెరిగిపోతాయి. నిమ్మరసం, టూత్‌పేస్టు, బూడిద కూడా అంతే. పోయిన పొరను తిరిగి తేలేము. తోమినవాటిని మనవడు పట్టుకొని ఆడుకోవడానికి ఇచ్చి, మిగిలినవాటిని అలాగే వదిలేయండి. మట్టి ఉంటే బ్యాటరీలో పోసే శుద్ధజలంలో నానబెట్టి, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్దండి. మామూలు ప్లాస్టిక్ సంచుల్లో ఏళ్ల తరబడి ఉంచితే ఆకుపచ్చ జిగురు పడుతుంది. పొడి కాగితపు కవర్లు మేలు. నాణేన్ని అంచు పట్టి ఎత్తడం పిల్లలకు మొదటి రోజే నేర్పండి, మూడేళ్ల లోపు వారికి అసలు అందనివ్వకండి.

మీ వైపు కోటిలింగాలలో దొరికిన శాతవాహనుల నాణేలు ప్రసిద్ధమైనవి. ఆ కాలపు సీసపు నాణేలు ఎక్కడైనా ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి. పొలంలో గాని పునాదుల్లో గాని నాణేల కుండ బయటపడితే అది ఇంటి సేకరణ కిందకు రాదు, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

ప్రశ్న: వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల నాణేనికి లక్షలిస్తామని ఫోనులో ఒకరు చెప్పి, ముందుగా రుసుము కట్టమంటున్నారు. నమ్మవచ్చా? అమెరికాలో ఉన్న మనవడికి విక్టోరియా రూపాయలు పంపాలని కూడా ఉంది.
– ఒక తాతయ్య, రాజమహేంద్రవరం

జవాబు: కట్టకండి. అది చెలామణీ కోసమే విరివిగా ముద్రించిన నాణెం, ఐదు రూపాయలకు ఐదు రూపాయలే. పాత నాణేల అమ్మకాల పేరిట తన పేరు, చిహ్నం వాడుకొని రుసుములు, పన్నులు అడుగుతున్నవారితో తనకు సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది.

ఇక విక్టోరియా రూపాయలు నూరేళ్లు దాటినవి. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద అటువంటివాటిని సొంతంగా విదేశాలకు పంపడం నేరం, పార్సిలులోనూ కుదరదు, మనవడి సంచిలోనూ కుదరదు. అతనికి 1957 తరువాతి నయాపైసలు, చతురస్రపు ఐదు పైసలు, తామరపువ్వు ఉన్న ఇరవై పైసల ఇత్తడి నాణెం పంపండి. రాణీగారి రూపాయల అచ్చును పెన్సిలుతో తీసి ఉత్తరంలో పెట్టండి, అసలువి అతను వచ్చినప్పుడు మీ ఇంట్లోనే చూస్తాడు.